పడవలో ఇద్దరికే చోటు

హోయి ఆన్,
1999 సెప్టెంబర్ 14

చెల్లీ ఖువే,

నీ ఉత్తరం చేరింది. తిన్నగా నా చేతికి మాత్రం రాలేదు. పోస్టతను మా అత్తగారికిచ్చి పోతే ఆవిడ దాన్ని తలగడ కింద దాచి, నేను కుట్టుమిషన్ ముందు నుంచి లేచేదాకా నోరు విప్పలేదు. "ఉత్తరాది నుంచి వచ్చింది. ఏం కబురో ఏమో, నువ్వు అన్నం తిన్నాక ఇద్దామనుకున్నా" అంది. మంచాన పడ్డా ఇంటి పెత్తనం మాత్రం వదల్లేదు.

మిల్లువాళ్ళు నిన్ను దా నాంగ్ పంపి కొత్త యంత్రాల మీద నేత నేర్పిస్తామన్నారని చదివి నవ్వుకున్నాను. చిన్నప్పుడు అమ్మ దారం కండె చేతికిస్తే పెరట్లోకి పారిపోయేదానివి. సరే, పిల్లల్ని తెచ్చి నా దగ్గర దించెయ్. దానికి రెండు పేజీల మొహమాటం ఎందుకు? మీ ఆయన లాప్ రైలింజను మీద ఊళ్ళు తిరుగుతుంటే వాళ్ళని ఎవరు చూస్తారు, మీ అత్తగారా? ఆవిడ పళ్ళసెట్టు ఎక్కడ పెట్టిందో ఆవిడకే గుర్తుండదని నువ్వేగా రాశావు.

మా తోవాన్‌కి ఎనిమిది నిండాయి. ఒక్కడే పెరగడం వల్ల పెద్దవాళ్ళలా మాట్లాడతాడు. బాచ్, సెన్ వస్తున్నారని చెప్పగానే, "ఐదేళ్ళవాడు పర్లేదు గానీ మూడేళ్ళదాన్ని ఎవరు ఎత్తుకుంటారు? నేనేనా?" అన్నాడు. అన్నాక తన చాప పక్కన ఇంకో చాప పరిచి చూసుకున్నాడు.

వానల గురించి అడిగావు. అక్టోబర్ చివరంటే ఇక్కడ వానలే. ఏటా నది మా వీధిలోకి ఒకసారి వచ్చి చూసిపోతుంది. మోకాలి దాకా వస్తుంది, ఒక్కోసారి నడుం దాకా. మేడగది నేలలో ఒక చెక్కతలుపు ఉంది. దాన్ని ఎత్తి మిషన్ని, బట్టల తానుల్ని, బియ్యాన్ని, మా అత్తగారిని వరసగా తాళ్ళతో పైకి లాగేస్తాం. తోవాన్‌కి అదొక పండగ. నీళ్ళు పోయాక ఇల్లు కడుక్కుంటాం. దానికి జడిసి ఆగిపోకు.

యుద్ధం అయ్యాక మీ బావ వెంట ఇంత దూరం వచ్చాను. ఇప్పటికీ నేను నోరు తెరిస్తే బజారులో చేపలావిడ నా ఉత్తరాది యాసని వెక్కిరిస్తుంది. మన మాట మాట్లాడే మనిషి ఇంట్లో తిరిగితే నాకూ బాగుంటుంది. తప్పకుండా రా.

మీ అక్క,
మియెన్

*

నామ్ దిన్,
1999 అక్టోబర్ 5

అక్కా,

పద్దెనిమిదిన రైలెక్కుతున్నాం. పిల్లల్ని నీకు అప్పగించి మర్నాడే దా నాంగ్ వెళ్ళిపోవాలి. ఆదివారాలు వీలైతే వస్తాను.

వాళ్ళ సంగతులు ముందే చెబుతున్నాను, విసుక్కోకు. బాచ్ చేపల పులుసు ముట్టడు, గుడ్డు పెడితే తింటాడు. కోపమొస్తే కరుస్తాడు. కరిచాక వాడే ముందు ఏడుస్తాడు. సెన్ నిద్రలో చెయ్యి చాపి పక్కన ఎవరో ఒకరు ఉన్నారా అని వెతుక్కుంటుంది. తడిమితే ఎవరో ఒకరు తగలాలి, లేకపోతే లేచి కూర్చుంటుంది.

ఇంకొక్క మాట. వాళ్ళని పడవ ఎక్కించొద్దు. మీ ఊళ్ళో టూరిస్టుల్ని నది మీద తిప్పుతారని, బావకి పడవలవాళ్ళంతా స్నేహితులని నాకు తెలుసు. కిందటి వేసవిలో మా రేవు దగ్గర నా కళ్ళముందే పడవ తిరగబడింది. మా మిల్లులో పనిచేసే ఆవిడ కొడుకు పోయాడు. అప్పటినుంచి పిల్లలు నీటి అంచుకి వెళితే పరిగెత్తి లాక్కొస్తున్నాను. నవ్వితే నవ్వుకో గానీ ఈ ఒక్కటి మాత్రం పాటించు.

ఆయన పంపడానికి మొదట ఒప్పుకోలేదు. "మీ అక్క గాలివాటం మనిషి. పిల్లల్ని వీధిలోకి వదిలి మిషన్ తొక్కుకుంటుంది" అన్నారు. మా అక్క గురించి నాకు చెప్పొద్దన్నాను. నా మాట నిలబెట్టు.

నీ చెల్లెలు,
ఖువే

*

హోయి ఆన్,
1999 అక్టోబర్ 29

చెల్లీ,

దా నాంగ్ హాస్టల్లో అన్నం బాగోలేదని రాశావు. ఈ ఉత్తరం తెస్తున్న మనిషి చేతే వేయించిన రొయ్యల పొడి పంపాను.

నీ పిల్లలు బాగున్నారు. మా ఆయన నది అవతల వడ్రంగుల ఊళ్ళో ఒక గుడి ద్వారబంధం పని ఒప్పుకుని అక్కడే ఉంటున్నాడు. అందుకని ఇంట్లో రాజ్యమంతా తోవాన్‌దే. పొద్దున్న గంజి తాగగానే ఇద్దర్నీ వెంటేసుకుని ఊరు చూపించడానికి బయల్దేరతాడు. టూరిస్టుల్ని తిప్పే గైడ్ల దగ్గర నేర్చుకున్నదంతా వీళ్ళ మీద ప్రయోగిస్తున్నాడు. ఊళ్ళో ప్రతి పాత ఇల్లూ వాళ్ళ ముత్తాతే కట్టించాడట. నిన్న బాచ్ నన్ను నిలదీశాడు. "మరి మీ ముత్తాత అన్ని ఇళ్ళు కడితే, నువ్వెందుకు పెద్దమ్మా గుండీలు కుడుతున్నావు?" దీనికి మా అత్తగారు ఎంత నవ్విందంటే దగ్గు ఆపలేక మందు వెయ్యాల్సి వచ్చింది.

సెన్‌కి పైకప్పు ఉన్న పాతవంతెన దగ్గరి రాతికుక్కలు బాగా నచ్చాయి. రోజూ వాటికి చేతులు కట్టుకుని నమస్కారం పెట్టి గానీ ముందుకి కదలదు. ఎవరో తెల్లదొరలు పిల్లలతో వచ్చారు. వాళ్ళ పాప కూడా దీన్ని చూసి చేతులు కట్టుకుంది. ఇద్దరూ రాతికుక్క ముందు అలా నిలబడిపోతే, జనమంతా ఆగి ఫొటోలు తీసుకున్నారు.

మొన్న బాచ్ తోవాన్‌ని కరిచాడు. మోచేతి మీద పళ్ళగుర్తులు చూసి "ఏమిట్రా ఇది?" అంటే "కుక్క" అన్నాడు తోవాన్. "ఏ కుక్క?" అన్నాను. "రాతికుక్క" అన్నాడు. బాచ్ బల్ల వెనక నుంచి వింటున్నాడు. ఆ రోజు నుంచి వాడు తోవాన్ నీడ వదలడం లేదు.

సెన్ మొదటి రెండు రోజులు నీకోసం ఏడ్చింది. ఇప్పుడు నాకూ తోవాన్‌కీ మధ్య పడుకుంటోంది. తడిమితే అటు వాడు, ఇటు నేను. పడవ మాట ఎవరూ ఎత్తలేదు, నువ్వు నిశ్చింతగా ఉండు.

వాన పట్టుకుంది. ఈ ఆదివారం కాకపోయినా పై ఆదివారం రా. వాళ్ళు నీకు ఊరు చూపిస్తారు.

అక్క

*

నామ్ దిన్,
1999 డిసెంబర్ 2

మియెన్ అక్కకి,

మేం ఇల్లు చేరాం. సెన్‌కి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి దా నాంగ్ ఆస్పత్రిలో ఉండిపోవాల్సి వచ్చింది. రైలుపట్టాలు బాగుచేయగానే ఆయన వచ్చి మమ్మల్ని తీసుకొచ్చేశారు. అది ఇంకా దగ్గుతూనే ఉంది.

ఆ వరద రోజుల్లో నేను హాస్టల్ మేడ మీద నిలబడి నీళ్ళకేసి చూస్తూ గడిపాను. మీ ఊరికి రోడ్డు లేదు, ఫోన్ లేదు. నది ఒడ్డువాళ్ళని కొందర్ని మిట్ట మీద బడిలో దించారని తెలిసి సైన్యం లారీ ఎక్కి వెళ్ళాను. అక్కడ నా పిల్లలు ముక్కూమొహం తెలియని ఒకావిడ పక్కన గోనెపట్టా కప్పుకుని కూర్చున్నారు. సెన్ నన్ను చూసి ఏడవలేదు. నేనెవరో దానికి కాసేపు తెలియలేదు.

"మీతో ఎవరొచ్చారు?" అని బాచ్‌ని అడిగాను.

"ఎవరూ రాలేదు. పెద్దమ్మ మమ్మల్ని పడవలో వేసేసింది."

"మరి తోవాన్?"

"అన్న కూడా ఎక్కబోయాడు. పెద్దమ్మ చొక్కా పట్టుకుని వెనక్కి లాగేసింది."

ఆస్పత్రిలో అడిగాను, రైల్లో అడిగాను, ఇంటికొచ్చాక ఆయన ఎదుట అడిగాను. వాడు మాట మార్చలేదు.

హోయి ఆన్ నుంచి వచ్చిన లారీ డ్రైవరుకి మీ ఇంటి ఆనవాలు చెప్పి అడిగాను. "వీధి చివర కుట్టుపనావిడేగా, ఉంది. మంచాన పడ్డ ముసలావిడా ఉంది" అన్నాడు. మీరంతా బతికారని ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. కోపం ఆ తర్వాత వచ్చింది.

నిన్ను ఒక్కటే అడిగాను కదా అక్కా. ఎక్కించక తప్పలేదు, సరే. అంత నీళ్ళలో ఎవరికైనా తప్పదు. అయితే నువ్వూ ఎక్కాలి. నువ్వు కదల్లేకపోతే తోవాన్‌నైనా తోడు పంపాలి. పెద్దవాడు, వాళ్ళ చెయ్యి పట్టుకుని ఉండేవాడు. ఆ పడవ క్షేమంగా చేరుతుందని నమ్మితే నీ కొడుకుని ఎందుకు వెనక్కి లాగావు? నమ్మకపోతే నా పిల్లల్ని ఎందుకు ఎక్కించావు?

ఆయన నీ పేరెత్తితే లేచి బయటికి పోతున్నారు.

ఖువే

*

హోయి ఆన్,
1999 డిసెంబర్ 20

ఖువే,

ఉత్తరం అందింది.

సెన్‌కి రాత్రి పడుకోబోయే ముందు వెల్లుల్లి నూనె కాచి అరికాళ్ళకి రాయి. చలిగాలిలో తిప్పకు.

బాచ్ అబద్ధం చెప్పలేదు. వాడు చూసింది చూసినట్టే చెప్పాడు. వాడిని ఇంక ఆ సంగతి అడగొద్దు.

ఇంటి వెనక భాగం పడిపోయింది. మీ బావ పని మానేసి వచ్చి కడుతున్నాడు. మిషన్ బురదలోంచి తీశాం, తిరుగుతోంది గానీ కుట్టు సరిగ్గా పడటం లేదు. అత్తగారు మాట్లాడటం మానేసింది. నోట్లో పెడితే తింటుంది, అంతే.

ఈ నెల మొదట్లో ఊరంతా మైకులు మోగాయి. మా ఊరిని లోకమంతా కాపాడుకోవలసిన ఊళ్ళలో చేర్చారట. కొలతలు తీసేవాళ్ళు వచ్చి మా గోడ మీద నీళ్ళు ఎంతదాకా వచ్చాయో గీత గీసిపోయారు. నిలబడి చెయ్యెత్తినా నాకు అందదు.

లాప్‌కి నామీద కోపం ఉంటే ఉండనివ్వు.

అక్క

*

నామ్ దిన్,
2000 జనవరి 9

మియెన్ అక్కకి,

నీ ఉత్తరం చదివి, ఇంకో కాగితం ఉందేమోనని కవరు చింపి చూశాను. లేదు. గోడ గురించి రాశావు, మిషన్ గురించి రాశావు. అన్ని రోజులు పరాయివాళ్ళ మధ్య నా పిల్లలు ఏం తిన్నారో ఎక్కడ పడుకున్నారో ఒక్క మాట అడగలేదు.

తోవాన్ గురించి కూడా ఒక్క మాట లేదు. ఇంట్లో దాచుకున్న బంగారం గురించి ఎవరూ బయట మాట్లాడరని ఊరుకున్నావేమో.

ఇలా రాయకూడదని రెండు వారాలు ఆగాను. కానీ రాత్రిళ్ళు సెన్ చెయ్యి చాపి తడుముకుంటుంది. నేను పక్కనే ఉన్నా లేచి కూర్చుంటోంది. అప్పుడు నాకు నీ మొహమే కళ్ళముందుకి వస్తోంది. నీ కొడుకుని గుండెకి హత్తుకుని నా పిల్లల్ని నీళ్ళ మీద వదిలేశావు. నేనైనా అదే చేసేదాన్నేమో. కానీ నేనైతే ఆ తర్వాత ఒప్పుకునేదాన్ని.

ఈ ఉత్తరం రాయడానికి ఇంకో కారణం బాచ్. కొత్త సంవత్సరం టెట్ పండక్కి తోవాన్ అన్నని పిలవమని రోజూ నా ప్రాణం తీస్తున్నాడు. వాడి మంచం మీద సగం జాగా వదిలి పడుకుంటున్నాడు. "రైల్లో నాన్న తీసుకొస్తాడు, పెద్దమ్మకి రాయి" అంటాడు. పెద్దవాళ్ళ గొడవ పిల్లలకి వద్దు. పంపడం ఇష్టమైతే పంపు. మేం నీ కొడుకుని జాగ్రత్తగానే చూసుకుంటాం.

ఖువే

*

హోయి ఆన్,
2000 జనవరి 24

చెల్లీ ఖువే,

ఈ ఉత్తరం లాప్ ఇంట్లో ఉన్నప్పుడు చదువు. ఒక్కదానివే ఉంటే ఇక్కడ ఆపి మడిచిపెట్టు.

తోవాన్ లేడు. మీ పిల్లల పడవ వెళ్ళిన రోజే పోయాడు.

నీకు చెప్పకూడదనుకున్నాం. మీ బావ మొదట చెబుదామన్నాడు, నేనే ఆపాను. చెబితే నువ్వు నీ పిల్లల మొహాలు చూసినప్పుడల్లా నా కొడుకు గుర్తొస్తాడు. వాళ్ళు అన్నం తింటున్నా, నవ్వుతున్నా నీకు తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. అది ఒక కారణం. ఇంకోటి చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇక్కడ వీధివాళ్ళంతా నన్ను దేవతని చేశారు. చెల్లెలి పిల్లల్ని కాపాడిన తల్లి అంటూ బజారులో పక్కకి తప్పుకుని దారి ఇస్తున్నారు. చేపలావిడ వెక్కిరించడం మానేసింది. నన్ను తిట్టింది లోకంలో నువ్వొక్కదానివే. నీ ఉత్తరాలు చదివితే నాకు ఊపిరాడేది. కానీ బాచ్ మంచం మీద జాగా వదులుతున్నాడని రాశావు. ఇక దాచలేను.

ఆ రోజు నీళ్ళు మామూలుగానే మొదలయ్యాయి. మిషన్ని లాగాం, బియ్యాన్ని లాగాం, అత్తగారిని లాగాం. తోవాన్ తాడు పట్టుకుని పడవ సరంగులా కేకలు పెడితే నీ పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత నీళ్ళు ఆ చెక్కతలుపు సందుల్లోంచి మేడగదిలోకి ఊరడం మొదలుపెట్టాయి. అలా ఎన్నడూ జరగలేదు. కిటికీలోంచి కేకలేశాం. ఎవరో తెలియని మనిషి, చిన్న పడవ, నిండా జనం.

"ఎంతమంది?" అన్నాడు.

"ముగ్గురు పిల్లలు, మంచాన పడ్డ ముసలావిడ, నేను."

"పిల్లల్ని ఇద్దర్ని ఇవ్వు. ఇంకొకరెక్కితే అందరం మునిగిపోతాం. వీళ్ళని దించి మళ్ళీ వస్తా."

తోవాన్ అప్పటికే కిటికీ దాటి ఒక కాలు పడవలో పెట్టాడు. నేను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. "నువ్వు తర్వాత" అన్నాను. వాడు కాలు వెనక్కి తీసుకున్నాడు. సెన్ ఏడుస్తుంటే తనే ఎత్తి అందించాడు.

పడవ మళ్ళీ రాలేదు. అతను బయల్దేరాడట, ప్రవాహం పక్కకి ఈడ్చేసిందట. చీకటి పడకముందే మేం వెనకవైపు పెంకుల మీదికి ఎక్కాం. ఒక చేత్తో అత్తగారి నడుం పట్టుకున్నాను. తోవాన్ రెండో పక్కన నా చొక్కా పట్టుకుని కూర్చున్నాడు. గోడ వాడివైపే కూలింది. చొక్కా ఒకసారి గట్టిగా లాగినట్టయింది. తర్వాత ఆ లాగడం లేదు. తిరిగి చూడాలంటే అత్తగారిని వదలాలి.

నీళ్ళు తీశాక నది దిగువన వెదురుపొదల్లో దొరికాడు. మీ బావ గుర్తుపట్టాడు, నన్ను చూడనివ్వలేదు. ఆ పడవతను వచ్చి గడప బయట అగరువత్తులు పట్టుకుని నిలబడ్డాడు. రమ్మన్నా లోపలికి రాలేదు.

నీ పిల్లల్ని ముందు ఎక్కించడం నా గొప్పతనం కాదు. వాళ్ళు నీవాళ్ళు. వాళ్ళకేమైనా అయితే నీకు ఏం చెప్పాలి? నా కొడుక్కేమైనా అయితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఆ కాస్త సేపట్లో నా మనసు ఇంత లెక్క వేసింది.

బాచ్‌కి ఎలా చెబుతావో నీ ఇష్టం.

అక్క

*

నామ్ దిన్,
2000 ఫిబ్రవరి 16

అక్కా,

ఆయన ఇంట్లో ఉండగానే చదివాను. చదివి ఆయన చేతికిచ్చాను. ఆయన చదివి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి వెళ్ళిపోయారు. రైల్వే గేటు దగ్గర కూర్చున్నారని ఎవరో వచ్చి చెబితే వెళ్ళి తీసుకొచ్చాను. పండక్కి ఇంట్లో పొయ్యి వెలిగించాం గానీ ఏం వండానో గుర్తులేదు.

నేను రాసిన మాటలు నీ దగ్గరే ఉన్నాయి. వాటిని తగలబెట్టమని అడిగే మొహం కూడా లేదు నాకు. క్షమించమని రాయడం లేదు. రాస్తే నువ్వు "పర్లేదులే" అనాల్సి వస్తుంది. ఆ మాట నీ చేత అనిపించను.

బాచ్‌కి చెప్పాను. విని బల్ల కిందకి దూరాడు. సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక ఒక్కటే అడిగాడు. "నేను చెప్పానని పెద్దమ్మని తిట్టావా?" తిట్టానన్నాను. "మరి అన్న పోయాడని నీకు తెలియదుగా" అన్నాడు. వాడు నన్ను వెనకేసుకొస్తుంటే చచ్చిపోవాలనిపించింది. ఇప్పుడు మంచం మీద మధ్యలోకి జరిగి పడుకోమంటే పడుకోడు.

సెన్‌కి చెప్పలేదు. చిన్నది, తెలియదు.

బావ ఎలా ఉన్నారో రాయి. నువ్వెలా ఉన్నావని అడగను.

తొమ్మిదో చాంద్రమాసంలో వాడి సంవత్సరీకం వస్తుంది కదా. పిల్లల్ని తీసుకుని రావాలనుంది. వాళ్ళని చూడటం నీ వల్ల కాదంటే ఒక్కదాన్నే వస్తాను. అసలు రావద్దంటే ఇక్కడే నాలుగు అగరువత్తులు వెలిగించుకుంటాం. నువ్వేది చెబితే అది.

ఖువే

*

హోయి ఆన్,
2000 నవంబర్ 5

చెల్లీ ఖువే,

మీరు క్షేమంగా చేరారని లాప్ పంపిన తంతి అందింది.

మీరు రావడం మంచిదైంది. పిల్లల్ని తెమ్మని నేనే రాశాను గానీ, బస్సు దిగుతున్న బాచ్‌ని చూసి వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళిపోయాను. నువ్వు చూశావు. ఏడాదిలో వాడు అంత పొడుగెదుగుతాడని నాకు తట్టలేదు.

వాడి గురించి ఒకటి చెప్పాలి. ఇక్కడున్నన్నాళ్ళూ నేను కూర్చుంటే గానీ కూర్చోలేదు. బకెట్ అందుకోబోతే వాడే మోశాడు. అన్నంలో ముట్టనన్న చేపల పులుసు కళ్ళు మూసుకుని తిన్నాడు. ఆరేళ్ళ పిల్లాడు అలా ఉండకూడదు. వాడిని మళ్ళీ అల్లరి చెయ్యనివ్వు. ఎవర్నో ఒకర్ని కరిచినా సరే.

మీరు బయల్దేరిన మర్నాడు ఒక విదేశీయుల కుటుంబం వచ్చింది. తండ్రి తన చిన్నకూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని గోడ మీది వరదగీత ముట్టుకోమన్నాడు. ఆ పిల్ల చెయ్యి అందింది. అందరూ నవ్వి ఫొటో తీసుకున్నారు. తర్వాత ఆ పిల్లకే నేను గౌను కొలతలు తీసుకున్నాను. మీ బావ గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డాడు.

ఇప్పుడు అసలు సంగతి. ఉన్నప్పుడు చెప్పలేకపోయాను.

సంవత్సరీకం రోజు పొద్దున్న నువ్వూ మీ బావా బాచ్‌ని తీసుకుని సమాధి చుట్టూ గడ్డి పీకడానికి వెళ్ళారు కదా. నేను పీట మీద కూర్చుని వంటకి రొయ్యలు ఒలుస్తున్నాను. సెన్ నా పక్కనే కూర్చుని తలకాయలన్నీ ఒక వరసలో పేరుస్తోంది. ఉన్నట్టుండి పూజాపీఠం మీది ఫొటో చూపించి, "తోవాన్ అన్న ఆ అద్దంలో ఎందుకున్నాడు?" అంది.

నువ్వు చెప్పలేదని నాకు తెలుసు. దానికి అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "నీళ్ళు తీసుకుపోయాయి తల్లీ" అన్నాను.

"మాతో పడవలో రాలేదుగా."

"రాలేదు."

"ఎందుకు?"

"పడవలో చోటు లేదు. ఇద్దరికే ఉంది."

అది కాసేపు రొయ్యల తలకాయలు సర్దుకుంది. తర్వాత, ఇంత తెలియదా అన్నట్టు నాకేసి చూసి, "నేను అన్న ఒళ్ళో కూర్చునేదాన్నిగా" అంది.

దాన్ని ఏమీ అనకు, ఖువే. దానికి తెలియదు. నేను కోప్పడలేదు, ఏడవనూ లేదు. లేచి చేతులు కడుక్కుని మళ్ళీ వచ్చి రొయ్యలు ఒలిచాను. నువ్వు వచ్చేసరికి వంట అయిపోయింది.

కానీ ఆ రోజు నుంచి నాకు ఇంకేదీ తలకెక్కడం లేదు. మిషన్ తొక్కుతున్నా అదే, పడుకున్నా అదే. సెన్ అప్పుడు ఎంతుండేది? గుప్పెడంత. పడవతను ఇద్దరన్నాడు, నేను ఇద్దర్ని ఇచ్చాను. చిన్నది ఒళ్ళో కూర్చుంటే ముగ్గురు పడతారా అని అతన్ని అడగలేదు. అడిగితే కుదరదనేవాడేమో. పడవ మునిగేదేమో, ముగ్గురూ పోయేవాళ్ళేమో. అవన్నీ నాకు తెలుసు. మీ బావ కూడా అవే చెప్పాడు. నేనడిగేది అది కాదు.

మూడేళ్ళ పిల్ల ఒళ్ళో పడుతుందని నాలుగేళ్ళ పిల్లకి తోచింది. కన్నతల్లిని, నాకెందుకు తోచలేదు? నువ్వు ఆ కిటికీ దగ్గర ఉంటే నీకు తోచేదా?

దీనికి జవాబు రాయి. మంచి మాట కోసం వెతకొద్దు. నువ్వు నిజమనుకున్నదే రాయి.

మీ అక్క,
మియెన్